స్థిర మధ్య

"ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఏ డబ్బా కూడా ఎడమకి గానీ కుడికి గానీ ఉండబోదు" అని సమాచార మంత్రిగారు ప్రకటించారు.

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఏ డబ్బా గురించి మాట్లాడుతున్నారో సగం మందికి తెలియదు. ఆ సగం మందే ఎక్కువసేపు కొట్టారు.

డబ్బాలంటే వెబ్ పేజీలో డబ్బాలు. ఫోన్లో ప్రభుత్వం వారి పేజీ తెరిస్తే పైన వరుసగా గడులు కనిపిస్తాయి కదా, అవి. వాటిని ఎలా నిలబెట్టాలో యంత్రానికి చెప్పడానికి కొన్ని ఆజ్ఞలున్నాయి. మొదట్లో పెట్టు, చివర పెట్టు, నడుమ పెట్టు, మధ్యలో ఖాళీ వదులు, సాగదీయి. అన్నీ పరాయి భాషలో ఉన్నాయి. మన డబ్బాలు పరాయివాడి మాట విని నిలబడుతున్నాయన్న సంగతి మంత్రిగారిని ఎంతో కాలంగా, అంటే అంతకు ముందురోజు సాయంత్రం నుంచి, కలచివేస్తోంది.

"ఎడమ, కుడి అనే మాటలు మనుషుల్ని విడదీశాయి. నేను రెండు వైపులా పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు" అన్నారాయన. నిజమే. ఈ విషయంలో ఆయనకున్న అనుభవం ఆ వేదిక మీద ఇంకెవరికీ లేదు.

ఆ విధంగా అమరిక పదాల సంఘం పుట్టింది. సంఘం పదాలు తేల్చేదాకా కొత్త ఫిర్యాదుల పేజీ తెరవకూడదనీ, ఎలాగూ పేజీ రాబోతోంది గనుక కాగితం మీద ఫిర్యాదులు తీసుకోవడం ఈరోజు నుంచే ఆపెయ్యాలనీ అదే ప్రకటనలో ఉంది. ఈ వాక్యానికి చప్పట్లు కొట్టింది మాత్రం అర్థమైనవాళ్ళే. ముందు వరుసలో అధికారులు.

వాళ్ళలో ఒకతన్ని సంఘానికి సభ్య కార్యదర్శిగా వేశారు. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే సరైన మాట కోసం వెతుక్కునేవాడు, అది దొరికేలోగా అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆఫీసులో అతనికి మంచి పేరుంది. ఏ పనికిమాలిన పథకానికైనా వినగానే ఒప్పుకోవాలనిపించే పేరు పెట్టగలడు. వాన కురిస్తే నీళ్ళు నిలిచే బస్టాండుకి "జల స్వాగత ప్రాంగణం" అని పెట్టింది అతనే. ఆ తర్వాత అక్కడ మోకాళ్ళ లోతు నీళ్ళున్నా జనం కొంచెం సర్దుకుని నడిచేవారు.

పేర్ల విషయంలో అతనికో రహస్యముంది. భయం వేసినదానికి పేరు పెడితే భయం పోతుంది. చిన్నప్పుడు అమ్మకి జబ్బు చేస్తే ఇల్లంతా నెలల తరబడి వణికింది. ఒకరోజు పెద్ద డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు. పొడుగాటి పేరు, పలకడానికి బాగుంది. పిల్లవాడు దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. అమ్మ బతకలేదు. అయినా ఆ నిద్ర సుఖం మాత్రం అతని లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది.

ప్రకటన చేసిన రోజు ఇంటికి వెళ్ళేసరికి అక్క కుట్టుమిషన్ ఆపి చూసింది.

"ఏరా, గోడ సంగతి ఏం చేశావు?"

అతను ఉండేది అక్క ఇంట్లో మేడమీద గది. కింద వీధివైపు గది అక్క కుట్టుపని కొట్టు. కొట్టుకి ఆనుకుని సర్కారు గోదాము ప్రహరీగోడ. అది ఆర్నెల్లుగా వీధివైపు వాలుతోంది. మొదట్లో చూసినవాళ్ళకి అనుమానం వచ్చేది, ఇప్పుడు చూడకుండానే తెలుస్తుంది. బస్సు డ్రైవరుగా రిటైరైన బావ ఆ గోడ కిందే స్టూలు వేసుకుని చొక్కాలకి గుండీలు కుడతాడు. లోపల చీకటి, అక్కడైతే వెలుతురు బాగుంటుంది.

"కాగితాలు తీసుకోవడం లేదే అక్కా. పేజీ రావాలి."

"పేజీ ఎప్పుడొస్తుంది?"

"మాటలు తేలగానే."

"ఏం మాటలు?"

"డబ్బాలు ఎలా నిలబడాలో చెప్పే మాటలు."

అక్క కత్తెర బల్లమీద పెట్టింది. "డబ్బాలు నిలబడే సంగతి తేలితేగానీ గోడ నిలబడే సంగతి చూడరా?"

బావ దారం పళ్ళతో తెంపుతూ నవ్వాడు. "వాణ్ణి తిట్టకే. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపాను, ఎన్ని గోడలు నా మీదకి రాలేదూ! ఇదొక్కటే నిదానంగా వస్తోంది. మర్యాదస్తురాలు."

"నవ్వండి, నవ్వండి. మీ నెత్తిన పడ్డాక కూడా ఇలాగే నవ్వండి" అంది అక్క. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు అంత పెద్ద ఆఫీసులో ఉండి ఏం లాభంరా? మీ బావ వీపు వెనకాల అది ఉంటే నాకు సూదిలో దారం ఎక్కడం లేదు" అంది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. అది అతనికి ఇంకా కష్టంగా అనిపించింది.

సంఘం త్వరగా తేల్చాలని అతను ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు. ఒక ప్రభుత్వ సంఘాన్ని త్వరపెట్టాలనుకున్న మొదటి మనిషి బహుశా అతనే.

సంఘంలో ముగ్గురు సభ్యులు. ఒకాయన జీవితమంతా నిఘంటువులు రాసిన పెద్దాయన. ఒకరు పార్టీ యువజన నాయకుడు, మనవరాలిని బడి నుంచి తీసుకురావాలని మూడు కాకముందే లేచిపోతాడు. మూడో సభ్యురాలు పేజీలు కట్టే ఇంజనీరమ్మ.

"మనం ఏ పేరు పెట్టినా లోపల జరిగేది అదే. మీరు పేర్లు చెబితే నేను సాయంత్రానికల్లా ఎక్కించేస్తాను" అందామె మొదటి సమావేశంలో. ఈ మాట సభ్యులకి నచ్చలేదు. పేరు మార్చినా లోపల జరిగేది మారదంటే సంఘం ఎందుకు?

"మొదలు" అన్న మాట అందరూ ఒప్పుకున్నారు. "చివర" దగ్గర ఆగిపోయింది. చివర నిలబడడానికి ఏ శాఖా సిద్ధంగా లేదు. ఆర్థిక శాఖ నుంచి ఫోన్ వచ్చింది, రెవెన్యూ నుంచి మనిషే వచ్చాడు. చివరికి కార్యదర్శి "ద్వితీయ మొదలు" అని సూచించాడు. పెద్దాయన లేచి వచ్చి భుజం తట్టాడు.

డబ్బాకీ డబ్బాకీ మధ్య ఖాళీ వదిలే అమరిక వచ్చింది.

"ఖాళీ అంటే ఒప్పుకోం. నాయకుడికీ ప్రజలకీ మధ్య ఖాళీ ఉందని ఒప్పుకున్నట్టవుతుంది" అన్నాడు యువజన నాయకుడు.

"ఉంది కదండీ" అంది ఇంజనీరమ్మ.

"ఉంటే ఉంటుందమ్మా. రాస్తామా?"

అది "ఆత్మీయ దూరం" అయింది. చుట్టూరా ఖాళీ వదిలే అమరిక "రక్షణ వలయం" అయింది. దొరికినంత చోటూ ఆక్రమించి సాగిపోయే అమరికకి మాత్రం ఏ చర్చా జరగలేదు. "సాగు" అని పెట్టగానే అన్ని శాఖలూ తమకి అదే కావాలని రాసి పంపాయి. ఇంకొకటి ఉంది. పెద్దవీ చిన్నవీ డబ్బాలన్నీ అడుగున ఒకే గీత మీదికి దిగి కూర్చునే అమరిక. దిగడం అన్న ఊహే ఎవరికీ నచ్చక, దాని పేరు పెండింగులో పెట్టారు.

అసలు గొడవ నడుమ దగ్గర వచ్చింది. నడుమ మంత్రిగారి డబ్బా ఉండాలని అందరికీ తెలుసు. కానీ నడుమలు రెండున్నాయని ఇంజనీరమ్మ చెప్పింది.

టీ గ్లాసుల ట్రే ముందుకు లాక్కుంది. గ్లాసుల్ని వరుసగా పేర్చి, నడుమ గ్లాసు మీద వేలు పెట్టింది. "ఇది ఒక రకం. ఏమైనా సరే ఇది నడుమ నుంచి కదలదు. గ్లాసులు పెరిగి ట్రే చాలలేదనుకోండి, రెండు అంచుల నుంచీ బయటికి పోతాయి. కుడివైపు పోయినదాన్ని పేజీ జరిపి చూసుకోవచ్చు. ఎడమవైపు, అంటే మొదట్లో ఉన్నది పోతే ఇక దొరకదు. అటు జరపడానికి పేజీ ఉండదు." ఎడమ అంచున ఉన్న గ్లాసు ఒళ్ళో పడకుండా పెద్దాయన పట్టుకున్నాడు. "రెండో రకం ఏంటంటే, చోటు చాలకపోతే నడుమది కొంచెం పక్కకి తప్పుకుంటుంది. మొదటి గ్లాసు అంచు దగ్గరే ఆగుతుంది. ఏదీ పోదు. మేము మాలో మేము దీన్ని భద్రం అంటాం, దాన్ని అభద్రం అంటాం."

"మంత్రిగారు అభద్రంలో ఉంటారా?" అన్నాడు యువజన నాయకుడు.

"అందుకే భద్రంలో పెడదామంటున్నానండీ."

"అంటే మంత్రిగారు పక్కకి తప్పుకుంటారా?"

పెద్దాయన మొదటిదాన్ని "నిజ మధ్య" అందామన్నాడు. అలాగైతే రెండోది అబద్ధం అవుతుంది, ప్రభుత్వ పేజీలో అబద్ధమన్న మాట వాడకూడదు. ఒకదానికి మంచి పేరు పెడితే రెండోదానికి చెడ్డపేరు వస్తోంది. నాలుగు సమావేశాలు ఇక్కడే గడిచిపోయాయి. ఇంటికి వెళ్తే అక్క అడగడం మానేసింది. గోడవైపు ఒకసారి చూసి, తమ్ముడివైపు ఒకసారి చూసి, అన్నం వడ్డించేది.

ఐదో సమావేశంలో కిటికీ బయట చూస్తుంటే కార్యదర్శికి ఆ మాట తట్టింది. లోపల ఎక్కడో దీపం వెలిగినట్టయింది. చిన్నప్పటి ఆ రాత్రి సుఖం మళ్ళీ ఒళ్ళంతా పాకింది.

"కదలనిదాన్ని స్థిర మధ్య అందాం. తప్పుకునేదాన్ని జారుడు మధ్య అందాం."

సభ్యులిద్దరూ వెంటనే తలలూపారు. జారుడులో ఎవరుంటారు? ఇంజనీరమ్మ ఒక్కతే ట్రే వైపు చూస్తూ, "సార్, మీకు తెలుసు కదా" అంది మెల్లగా.

అతనికి తెలుసు. కానీ పదం బాగుంది. పైగా గోడ ఆగదు, పేజీ రావాలి. ఈ రెండు కారణాల్లో ఏది ముందు వచ్చిందో అతను తనని తాను ప్రశ్నించుకోలేదు.

పేజీ తెరిచారు. వరుసలో మొట్టమొదటి డబ్బా "ఫిర్యాదు". ప్రజలకే అగ్రస్థానం అని మంత్రిగారు స్వయంగా అక్కడ పెట్టించారు. నడుమ మంత్రిగారి డబ్బా, స్థిర మధ్యలో. అందులో ఆయన బొమ్మ, పేరు, శాఖ. ప్రారంభం రోజు అన్నీ సరిగ్గా పట్టాయి. మర్నాడు ఆయన పేరు ముందు "పదాల పితామహ" చేరింది. ఆ తర్వాత "అమరికల ఆద్యుడు", "డబ్బాల దీనబంధు". డబ్బా సాగింది. మంత్రిగారి గదిలో గోడంత తెర మీద ఎంత సాగినా ఇంకా చోటుంది. జనం చేతుల్లో ఉన్నవి ఫోన్లు.

"ఒరేయ్, ఇందులో ఫిర్యాదు ఎక్కడ?" అక్క ఫోన్ చేతికిచ్చింది. తెర నిండా మంత్రిగారి నవ్వు. అతను బొటనవేలితో పేజీని లాగాడు. ఒకవైపు లాగితే రెవెన్యూ, ఆర్థికం, ద్వితీయ మొదలులో ఉన్న డబ్బాతో సహా అన్నీ వచ్చాయి. రెండోవైపు లాగితే పేజీ కాస్త సాగినట్టే సాగి, వదలగానే నవ్వు మళ్ళీ నడుమకి వచ్చి నిలబడింది.

బావ పక్కనుంచి తొంగిచూశాడు. "ఈయన బ్రేకు బాగా పట్టిస్తాడే."

ఆ డబ్బా ఎక్కడుందో కార్యదర్శికి తెలుసు. అంచుకి అవతల, గజం దూరంలో కూడా లేదు. పేజీకి ముందు ఉంది.

అతను ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క మాట సార్. స్థిర తీసి జారుడు పెడితే చాలు, ఇప్పుడే అయిపోతుంది" అందామె. "కానీ మంత్రిగారి సంతకం కావాలి."

అతను మంత్రిగారి దగ్గరికి వెళ్ళాడు. దారిపొడవునా వాక్యం కూర్చుకున్నాడు. "సార్, మిమ్మల్ని జారుడులోకి..." అని మొదలయ్యే ఏ వాక్యమూ గుమ్మం దాటి లోపలికి రావడానికి ఒప్పుకోలేదు.

"సార్, ఫిర్యాదు డబ్బా కొందరికి కనిపించడం లేదటండీ."

"ఎవరయ్యా చెప్పింది? ఫిర్యాదు చేశారా?"

"లేదండి."

"ఎన్ని వచ్చాయి మొత్తం?"

"ఒక్కటీ రాలేదండి."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి అవి చెమర్చి ఉన్నాయి. "ఒక్కటీ రాలేదా! చూశావా కార్యదర్శీ, మాట సరిగ్గా పెడితే జనం ఎంత మారిపోతారో! ఇదంతా నీ చలవ. మీ వీధి ఎక్కడ? ఫిర్యాదుల్లేని వీధి అని మొదటి పలక మీ వీధిలోనే పెడదాం. నేనే వస్తాను."

మంత్రిగారే వీధిలోకి వస్తారు. వస్తే గోడని తన కళ్ళతోనే చూస్తారు. ఇంటికి వెళ్తూ అతను ఈ ఆలోచనని నెమరువేసుకున్నాడు. అక్కతో చెబితే, ఎన్నాళ్ళకో ఆమె ముఖం తేటపడింది. బావ ఆ రోజుకని తన పాత డ్రైవరు చొక్కాకి కొత్త గుండీలు కుట్టుకున్నాడు.

పలక వచ్చింది. రాతి పలక. దాన్ని బిగించడానికి గోడ కావాలి. వీధిలో సర్కారు గోడ అదొక్కటే.

"ఇది ఊగుతోందయ్యా" అన్నాడు తాపీమేస్త్రీ, అరచేత్తో తట్టి చూసి.

"ఫిర్యాదు ఉందా?" అన్నాడు మునిసిపల్ ఇంజనీరు.

"నాకేం తెలుసు?"

"లేదు. కొట్టు మేకు."

మేకులు దిగాయి. సరిగ్గా పది గంటలకి రావాల్సిన మంత్రిగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చారు. పలక మీద గుడ్డ లాగారు. గోడని చూసి "దృఢంగా ఉంది" అన్నారు. కార్యదర్శి నోరు తెరిచాడు. అప్పుడే ఫొటోగ్రాఫరు అందర్నీ వరసలో నిలబడమన్నాడు.

మంత్రిగారు నడుమ నిలబడ్డారు. కుడిపక్క యువజన నాయకుడు, ఎడమపక్క పెద్దాయన, ఆ పక్కన కార్యదర్శి, చివరన బావ. అక్క కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తోంది. కుడివైపు పార్టీవాళ్ళు చేరుతూనే ఉన్నారు. నలుగురు చేరినప్పుడల్లా "సారు నడుమ లేరండీ" అని ఫొటోగ్రాఫరు అరిచేవాడు, మంత్రిగారిని నడుమకి తేవడానికి ఎడమవైపు నుంచి ఇంకొందర్ని పిలిచేవారు, వాళ్ళు పెద్దాయన పక్కన దూరేవారు. వీధి ఎంతుందో అంతే ఉంది. మంత్రిగారు ఒక్క అంగుళం కదల్లేదు.

"ఎడమవైపు వాళ్ళు కొంచెం జరగండి."

బావ గోడవైపు జరిగాడు. ఇంకో నలుగురు వచ్చారు.

"ఇంకొంచెం. ఆ చివరాయన ఫ్రేములో లేడు, అయినా పర్వాలేదు. జరగండి."

"ఇంక జరగడానికి లేదయ్యా, వెనక గోడ" అన్నాడు బావ నవ్వుతూ. వీపు గోడకి ఆనింది. వరుస మొత్తం బరువు ఒక్కసారి ఇటు ఒరిగింది.

"ఏవండీ! ఇవతలికి రండి!" అక్క అరిచింది.

"ఎవరికైనా ఇబ్బందిగా ఉందా అక్కడ?" అన్నారు మంత్రిగారు, ముఖం కెమెరా నుంచి తిప్పకుండా. ఎవరూ జవాబు చెప్పేలోగా ఫొటో పడింది. గోడ కూడా.

పేపర్లో ఫొటో బాగా వచ్చింది. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. ఎడమ అంచున ఒక మోచెయ్యి, దాని మీద కొత్త గుండీ.

ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు మూసి ఉంది. బయట బెంచీ మీద అక్క కూర్చుంది. చీరంతా సున్నపు దుమ్ము. చేతిలో బావ కళ్ళద్దాలు, ఒక అద్దం లేదు. కార్యదర్శికి నుదుటి మీద చిన్న కట్టు. పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక గోడకి దగ్గరగా నిలబడ్డాడు. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆ భయానికి పేరేమీ దొరకడం లేదు.

ఫోన్ మోగింది. మంత్రిగారు.

"కార్యదర్శీ, ఎలా ఉన్నావయ్యా? మంచిది. ఇదిగో, పేపరువాళ్ళు అడుగుతున్నారు. గోడ పడిపోయిందని రాస్తారట. ఫిర్యాదుల్లేని వీధిలో గోడ పడిపోయిందంటే ఏం బాగుంటుంది, చెప్పు? ఏదో ఒక మాట చూడు. నీకే తడుతుంది."

"సార్, మా బావ..."

"తెలుసయ్యా, తెలుసు. నేను వస్తాను. ముందు మాట చూడు."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఏమీ ఆలోచించకూడదనుకున్నాడు. కళ్ళ వెనక చీకట్లో వీధి కనిపించింది. ఇటుకలు, పలక, స్టూలు, చొక్కాల గుండీలు, పెద్దవీ చిన్నవీ అన్నీ దిగివచ్చి కింద ఒకే గీత మీద ఉన్నాయి. పెండింగులో ఉన్న ఆ అమరిక. దాని పేరు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో, దానంతటదే వచ్చి నాలుక మీద నిలబడింది.

"సమతలం" అన్నాడు. "గోడ సమతలానికి వచ్చింది అనొచ్చండి."

"సమతలానికి వచ్చింది" అని మంత్రిగారు పలికి చూసుకున్నారు. మళ్ళీ పలికారు. "అబ్బ! ఏం మాటయ్యా! నువ్వు ఎక్కడో ఉండాల్సినవాడివయ్యా."

లోపల దీపం వెలిగింది. భుజాలు వాటంతట అవే సడలాయి. ఆ పాత సుఖం నెమ్మదిగా ముఖం మీదికి పాకి, పెదవుల దగ్గర ఆగింది.

బెంచీ మీద నుంచి అక్క చివాల్న లేచింది. తమ్ముడి ముఖం చూసింది. ఆమె కళ్ళలో ఒక్కసారిగా వెలుగు వచ్చింది.

"డాక్టరేనా? ఆయన గురించేనా?" అంది, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని. "చెప్పరా, ఏమన్నాడు?"